ఎక్కువ తూగితే ఇంకో చుట్టు

మొన్న ఒక కొత్త నర్సు ఫోన్ చేసింది. నా నంబర్ ఎవరిచ్చారో తెలియదు. ఆమెను బీపీ, షుగర్ రోగులను చూసే గదిలో వేశారట. "ఎంత చెప్పినా వినరమ్మా. తిండి తగ్గించమంటే తలూపుతరు, నెల తిరిగేసరికి బరువు పెరిగి వస్తరు. నాకైతే మస్తు విసుగొస్తుంది. మీరు ఎట్ల దారికి తెచ్చిన్రు?" అని అడిగింది. రోగులను దారికి తెచ్చే నర్సునని నా గురించి ఎవరో చెప్పినట్టున్నారు. నిజమే, నాకు ఆ పేరు ఉండేది. ఆ పేరు ఎలా పోయిందో కూడా చెప్పాలి కదా. ఫోన్‌లో చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ నర్సుగా పనిచేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో జైనూర్ వైపు కొండ ఊళ్లలో తిరిగాను. అక్కడ నేను తూచింది పసిపిల్లలను, గర్భిణులను. అరకిలో పెరిగారంటే పండగ చేసుకునేదాన్ని. చివరి ఎనిమిదేళ్లు కరీంనగర్ వైపు, పెద్ద పత్తి మార్కెట్ ఉన్న ఒక ఊళ్లో పనిచేశాను. ఊరి పేరు చెప్పను. అక్కడ నా లెక్క తలకిందులైంది. ఎవరైనా కిలో తగ్గితే పండగ.

ఆ ఆసుపత్రిలో మేం ముగ్గురం ఒక జట్టు. డాక్టరుది ఆదిలాబాద్. ముప్పై కూడా దాటలేదు, తండ్రి జిన్నింగ్ మిల్లులో పనిచేస్తూ చదివించాడు. ఫార్మసిస్టు ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన ముస్లిం కుటుంబం మనిషి. నా ఈడువాడే, నన్ను బెహన్ అనేవాడు. మందుల కిటికీ వెనక కూర్చునే ఎవరింట్లో ఏం జరుగుతోందో చెప్పగలిగేవాడు. మూడోదాన్ని నేను. పని తెలుసు, నోరు కూడా తక్కువ కాదు.

డాక్టరుకు చదువంటే పిచ్చి. మధ్యాహ్నం రోగులు పలచబడ్డాక టీ తాగుతూ మాకు పాఠం చెప్పేవాడు. "పొట్ట మీది కొవ్వు ఊకె పడి ఉన్న మూట అనుకుంటరు సిస్టర్. గాదు. అది కూడ పనిచేస్తది. హార్మోన్లు వదుల్తది" అన్నాడు ఒకరోజు. అందులో లెప్టిన్ అనేది ఒకటి. కడుపు నిండింది, ఇక చాలు అని మెదడుకు కబురు పంపేది అదే. కొవ్వు పెరిగినకొద్దీ కబుర్లు మరీ ఎక్కువై, మెదడు వాటిని లెక్కచేయడం మానేస్తుందట. మనిషికి తిన్నా తిన్నట్టు ఉండదు. ఇంకొకటి అడిపోనెక్టిన్. అది మంచిది. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేసేలా చూస్తుంది, రక్తనాళాలను కాపాడుతుంది. విచిత్రం ఏమిటంటే పొట్ట పెరిగితే అది తగ్గిపోతుంది. తిండి మార్చి, రోజూ నడిచి పొట్ట కరిగిస్తే మళ్లీ పెరుగుతుంది. కొన్ని మాత్రలు కూడా దాన్ని పెంచుతాయి.

ఫార్మసిస్టు తన పొట్ట నిమురుకుంటూ "అంటే గీ పొట్టల ఓ దఫ్తరే, పెద్ద ఆఫీసే నడుస్తుంది సాబ్" అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం.

ఈ పాఠం విన్న మనిషికి రోగుల మీద జాలి కలగాలి. ఆకలి వాళ్ల చేతిలో లేదు, అది తిండిపోతుతనం కాదు అని అర్థం కావాలి. నాకు మాత్రం చేతికి ఇంకో బెత్తం దొరికినట్టయింది. "నీ పొట్టలో ఏం జరుగుతోందో తెలుసా?" అని మొదలుపెట్టి, రోగులను కొత్త మాటలతో తిట్టడం నేర్చుకున్నాను. పాత తిట్లకు వాళ్లు అలవాటుపడ్డారు. ఈ హార్మోన్ల తిట్లకు నిజంగానే భయపడేవాళ్లు.

అప్పుడే నా ఆదివారం నడక మొదలైంది. ఆదివారం మార్కెట్ యార్డుకు సెలవు. లోపల చదునైన సిమెంటు బాట, పొడవాటి షెడ్లు, నీడ. మా రోగులను పొద్దున్నే అక్కడికి రమ్మన్నాను. ఆసుపత్రి కాంటా ఆటోలో వేసుకుని నేనూ వెళ్లేదాన్ని. ఒక్కొక్కరినీ ఎక్కించి బరువు పైకి చదివేదాన్ని, అందరికీ వినపడేలా. తగ్గినవాళ్లకు చప్పట్లు. పెరిగినవాళ్లు షెడ్ల చుట్టూ ఇంకో చుట్టు ఎక్కువ నడవాలి. ఎక్కువ తూగితే ఇంకో చుట్టు, ఇదే మా నియమం. జనం నవ్వుతూ తుళ్లుతూ నడిచేవాళ్లు. చాలామందికి మేలు జరిగింది కూడా, అది అబద్ధం కాదు. షుగర్లు దిగాయి, బీపీలు దిగాయి. పైనుంచి వచ్చిన అధికారి చూసి మెచ్చుకుని వెళ్లాడు. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

నా రోగుల్లో ఒకాయన ఆ యార్డు మనిషే. మార్కెట్‌లో తూకం వేసే లైసెన్సు మనిషిని మా వైపు దడువాయి అంటారు. రైతు తెచ్చిన పత్తి ఎంత తూగిందో ఆయన చెప్తే అటు రైతూ ఇటు వ్యాపారీ ఒప్పుకోవాలి. యాభై ఎనిమిదేళ్లు, పెద్ద పొట్ట, మెల్లగా మాట్లాడే మనిషి. షుగర్ ఎనిమిదేళ్లుగా ఉంది. రెండు రకాల మాత్రలు వాడుతున్నా దిగడం లేదు. ఇన్సులిన్ సూది అంటే మాత్రం వద్దంటాడు. యార్డులో ఎవరికో సూది మొదలుపెట్టాక కాలు తీసేశారని ఆయన భయం.

మొదటి రోజు కార్డు నింపుతూ అడిగాను. "గుండె జబ్బు ఏమైనా ఉందా అన్నా?"

"లేదు సిస్టరమ్మా. నిరుడు ఓపాలి యార్డుల ఛాతీల గట్టిగ వట్టింది. చెమటలు వోసినయి. గ్యాస్ అన్నరు. సోడా తాగితే తగ్గింది."

నేను కార్డు మీద గ్యాస్ అని రాశాను.

తర్వాత బరువు చూద్దామని కాంటా ఎక్కమన్నాను. ఆయన ఎక్కలేదు. వంగి, అద్దంలో అంకెలు చూసి, "జీరో చూసిన్రా?" అని అడిగాడు. ఆయనకది అలవాటు, రోజుకు వందసార్లు చేసే పని. నాకు మాత్రం ఒళ్లు మండింది. నా కాంటా మీదే అనుమానమా అనుకున్నాను. ఎనభై నాలుగు కిలోలు.

డాక్టరు ఆయనకు మూడో మాత్ర రాశాడు. ఇందాక చెప్పిన ఆ మంచి హార్మోన్‌ను పెంచే మాత్ర, పయోగ్లిటజోన్. కాలేయంలో కొవ్వు చేరిందని స్కాన్‌లో తేలింది కాబట్టి దానికీ పనికొస్తుందన్నాడు. గుండె జబ్బు లేదని ఆయన చెప్పాడు, కార్డులోనూ లేదు. ఈసీజీ తీయించాలని డాక్టరు అనుకున్నాడు కానీ మెషీన్‌లో కాగితం అయిపోయి పదిరోజులు. వచ్చాక తీద్దామన్నాడు. కార్డు మీద చిన్న అక్షరాలతో ఇంగ్లీషులో రెండు పంక్తులు రాసి నాకిచ్చాడు. బయట వరుసలో అరవై మంది ఉన్నారు. నేను ఆ కార్డు తీసుకుని, ప్రతి రోగి కార్డుకూ చేసినట్టే, నా బరువుల చీటీ దానికి పిన్ను కొట్టాను. డాక్టరు రాసిన పంక్తులు ఆ చీటీ కిందికి వెళ్లిపోయాయి.

తిండి సంగతి నా వంతు. "రాత్రి అన్నం బంద్. జొన్నరొట్టె తిను. నూనె కూరలు వద్దు" అన్నాను.

"రొట్టె ఎంతైనా తింట సిస్టరమ్మా" అన్నాడు సంతోషంగా. రొట్టెలోకి ఏం తింటావని నేను అడగలేదు.

మొదటి రెండు ఆదివారాల్లో కిలో తగ్గి ఎనభై మూడుకు వచ్చాడు. చప్పట్లు కొట్టించాను. మూడో ఆదివారం ఎనభై అయిదు. నాలుగో ఆదివారం ఎనభై ఏడు. పత్తి సీజన్ జోరు మీదుంది. యార్డులో మిర్చి బజ్జీల బండ్లు, జిలేబీ బండ్లు. ఇంకేముంది, నాకు అంతా తెలిసిపోయినట్టే అనిపించింది.

"ఏం తింటున్నవ్ అన్నా? నిజం చెప్పు."

"అన్నం ముట్టలే సిస్టరమ్మా. పొద్దుగాల ఒక్క రొట్టె, మాపటికి ఒక్క రొట్టె. అవ్వ తోడు."

"మరి రెండు కిలోలు గాలికి పెరిగినయా?"

జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. ఇంకో చుట్టు నడిచి వచ్చాడు. నేను చీటీ మీద ఎర్ర పెన్నుతో తిండి అదుపు లేదు అని రాశాను. ఆ రోజు ఇంకో విషయం చూశాను, చూసి ఊరుకున్నాను. ఎప్పుడూ తోలుచెప్పులు వేసుకునే మనిషి ఆ రోజు వదులుగా ఉన్న రబ్బరు చెప్పుల్లో వచ్చాడు. సీజన్‌లో ఎక్కువసేపు నిలబడతాడు కదా, అందుకేమో అనుకున్నాను.

ఆ వారం మధ్యలో ఫార్మసిస్టు ఒక మాట అన్నాడు. "బెహన్, ఆ దడువాయి మందులు తీస్కపోవడానికి వచ్చిండు. మెట్లు ఎక్కి వచ్చేసరికే ఆయాసపడ్తుండు. జర చూడు." పొట్ట ఉంటే ఆయాసం రాదా అన్నాను. ఆయన మందుల కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు. నా నోటికి అడ్డు వచ్చేవాళ్లు ఆసుపత్రిలో లేరు.

అయిదో ఆదివారం ఇంకా మరిచిపోలేదు. పొద్దున ఏడు గంటలు. చలి పడుతోంది, సిమెంటు బాట తడిగా ఉంది. ముప్పై మంది దాకా వచ్చారు. ఆయన వెనక ఆయన భార్య కూడా వచ్చింది. ఆమె రోగి కాదు, ఎప్పుడూ వచ్చేది కాదు. ఎందుకొచ్చావని నేను అడగలేదు.

ఆయన కాంటా ఎక్కాడు. తొంభై.

మూడు వారాల్లో ఏడు కిలోలు. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆయన నన్నే మోసం చేస్తున్నాడని, నా నడకను ఊళ్లో నవ్వులపాలు చేస్తున్నాడని అనిపించింది. అంకె గట్టిగా చదివాను. మళ్లీ చదివాను.

ఆయన కాంటా దిగకుండానే, మెల్లగా అన్నాడు. "సిస్టరమ్మా, నామీద కోపం జేయకు. గిది కండ గాదు. తేమ."

"ఏంది?"

"తేమ. నేను ముప్పై ఏండ్ల సంది తూకం ఏస్తున్న. ఎండిన పత్తికి, తడిసిన పత్తికి ఫరక్ నాకు తెల్వదా? నా ఒంట్ల తేమ వట్టింది. గిది తిన్న బరువు గాదు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ. నేనూ నవ్వాను. నవ్వి, "నువ్వు పత్తివా అన్నా, తేమ పట్టడానికి? రెండు చుట్లు ఎక్కువ నడువు, తేమ ఆరిపోతది" అన్నాను. మాట బాగా పేలింది. కొందరు చప్పట్లు కొట్టారు.

నేను ఇన్నేళ్లలో రోగులను చాలా మాటలన్నాను. ఈ ఒక్క మాట మాత్రం వెనక్కి తీసుకోవాలని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆయన కాంటా దిగాడు. నడిచాడు. మొదటి చుట్టు పూర్తి చేయడానికి మిగతావాళ్లకంటే రెట్టింపు సమయం పట్టింది. రెండో చుట్టులో మూడో షెడ్డు దగ్గర ఆగి, పత్తి దించే అరుగు మీద కూర్చున్నాడు. నేను ఇటునుంచే కేక వేశాను. "కూసుంటే అయితదా? లే అన్నా!" ఆయన చెయ్యి ఎత్తాడు, ఆగమన్నట్టు. ఆ చెయ్యి సగం దాకా లేచి పడిపోయింది.

అప్పుడు ఆయన భార్య నా దగ్గరికి వచ్చింది. అంతసేపూ గోడకు ఆనుకుని నిలబడ్డ మనిషి, నా కొంగు పట్టుకుని గుంజింది.

"ఆయన నాల్గు దినాల సంది పండుకుంటలేడు. పండుకుంటె ఊపిరి ఆడ్తలేదట. గోడకు ఒరిగి కూసొనే తెల్లారిస్తుండు. నీకు చెప్తమంటె వద్దన్నడు. సిస్టరమ్మ కోప్పడ్తదన్నడు."

నేను పరుగెత్తాను. అరవైకి దగ్గరపడ్డ వయసులో ఎలా పరుగెత్తానో తెలియదు. ఆయన ముందు కూర్చుని ప్యాంటు అంచు పైకి జరిపాను. కాలు మోకాలి దాకా నున్నగా, బిగిసి, మెరుస్తోంది. చీలమండ పైన బొటనవేలుతో నొక్కాను. వేలు లోపలికి దిగింది. తీసేశాను. గుంట అలాగే ఉండిపోయింది. మూడు లెక్కపెట్టాను, ఆరు లెక్కపెట్టాను. గుంట పూడలేదు. నర్సు చదువులో మొదటి ఏడాదిలోనే చెప్పే పరీక్ష అది. నాలుగు వారాలుగా ఆ కాళ్లు నా ముందే నడుస్తున్నాయి.

పెదాలు నల్లబడుతున్నాయి. ఊపిరిలో నీళ్లు గలగలలాడుతున్న చప్పుడు నాకు వినిపించింది. గుండె తోడలేక నీళ్లు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతున్నాయి. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

108కి ఫోన్ చేశాను. బండి ఇంకో ఊరికి పోయింది, వచ్చేసరికి ముప్పావుగంట అన్నారు. ఫార్మసిస్టు ఇల్లు యార్డు వెనకే. ఫోన్ ఎత్తి "ఎక్కడ, ఎవరు" అని రెండు మాటలడిగి పెట్టేశాడు. అయిదు నిమిషాల్లో లుంగీ మీదే తన పాత కారు తోలుకుని వచ్చాడు. నలుగురు కలిసి ఆయన్ని ఎత్తారు. వెనక సీటులో పడుకోబెట్టబోతే నేను అరిచాను. "పండవెట్టకుండ్రి! పండవెడ్తే పోతడు. కూసోవెట్టుండ్రి!"

ఆసుపత్రి రెండు కిలోమీటర్లు. డాక్టరు క్వార్టర్ నుంచి తడి తలతో వచ్చాడు. రోగిని చూడగానే ఆక్సిజన్ తెమ్మన్నాడు. ఆక్సిజన్ పెట్టాం. నేను నరం వెతికాను. చేతులు కూడా ఉబ్బి ఉన్నాయి, నరం దొరకలేదు. ఒకసారి తప్పింది. రెండోసారి తప్పింది. ముప్పై ఏళ్లలో చీకట్లో, ఎడ్లబండి మీద కూడా నరం పట్టినదాన్ని, ఇంకో చేతికి మారాను. మూడోసారి దొరికింది. నీళ్లు దించే ఇంజెక్షన్ ఇచ్చి, మూత్రం గొట్టం, సంచీ పెట్టాం. "కరీంనగర్ తీస్కపోవాలె. ఇక్కడ కాదు" అన్నాడు డాక్టరు.

ఈలోపు 108 వచ్చింది. నేనూ ఎక్కాను. మంచం తలవైపు ఎత్తినా ఆయన కిందికి జారిపోతున్నాడు. నేను ఆయన వెనక కూర్చుని, నా ఛాతీకి ఆయన వీపు ఆనించుకుని రెండు చేతులా పట్టుకున్నాను. ప్రతి ఊపిరీ నా ఒంటికి తెలుస్తోంది. లోపలికి పోవడానికి అదెంత కష్టపడుతోందో తెలుస్తోంది. రెండు ఊపిరుల మధ్య సందు ఎక్కువైనప్పుడల్లా నేను అంకెలు లెక్కపెట్టేదాన్ని. ఆయన భార్య ఎదురుగా కూర్చుని నా ముఖమే చూస్తోంది.  తిట్టి ఉంటే బాగుండునని అనిపించింది. దేవుడికి మొక్కుకున్నాను, అబద్ధమెందుకు. ఆయన బతకాలని మొక్కుకున్నాను. నా కోసం కూడా మొక్కుకున్నాను.

సగం దారిలో మూత్రం రావడం మొదలైంది. సంచీ నిండుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆసుపత్రి ఉద్యోగంలో దేనికి ఏడుస్తామో దేనికి సంతోషిస్తామో బయటివాళ్లకు చెప్పినా నమ్మరు. కరీంనగర్ చేరేసరికి ఆయన కళ్లు తెరిచాడు. మాస్కు లోంచి భార్యను చూసి, "యార్డు తాళం చెవి నా జేబులుంది. రేపు పొద్దుగాల ఇచ్చెయ్" అన్నాడు. అప్పుడు ఆమె మొదటిసారి ఏడ్చింది.

గుండె స్కాన్ తీశారు. నిరుటి ఆ గ్యాస్ గ్యాస్ కాదు, గుండెపోటు. గుండెలో ఒక భాగం అప్పుడే బలహీనపడింది. అలాంటి గుండె ఉన్నవాళ్లు ఆ మూడో మాత్ర వేసుకోకూడదు, అది ఒంట్లో నీళ్లు నిలబెడుతుంది. మాత్ర చెడ్డదని చెప్పడం లేదు. మా దగ్గరే ఎంతోమందికి షుగర్ దించి మేలు చేసింది. అది ఎవరికి ఇవ్వకూడదో తెలుసుకునే అవకాశం మాకు మూడుసార్లు వచ్చింది. గ్యాస్ అని రాసినప్పుడు, రబ్బరు చెప్పులు చూసినప్పుడు, మెట్ల ఆయాసం విన్నప్పుడు, మూడుసార్లూ అది నా చేతి మీదుగానే పోయింది.

మర్నాడు డాక్టరు గదిలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ముందు దడువాయి కార్డు. "నాదే తప్పు సిస్టర్. ఈసీజీ లేకుండ రాసిన. నేనే చంపేస్తుంటి" అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చిన్నవాడు, ముందు ఎంతో ఉద్యోగం ఉంది. నాకు ఇంకో ఏడాదిన్నరే. ఊరుకుంటే తప్పు ఆయన మీదికే పోతుంది. ఊరుకోవాలని ఒక్క క్షణం అనిపించింది కూడా. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ అనిపించింది.

కార్డు తీసుకుని నా చీటీకి ఉన్న పిన్ను పీకాను. కింద డాక్టరు చేతి రాత. కాళ్ల వాపు, ఆయాసం, వారంలో రెండు కిలోలు పెరిగితే మాత్ర ఆపి వెంటనే నాకు చెప్పాలి. నా బరువుల చీటీ సరిగ్గా దాని మీదే ఉంది. ఆ చీటీలో ఎర్ర అక్షరాలు, తిండి అదుపు లేదు.

"మీరు చెప్పిన్రు డాక్టర్. నేనే కప్పేసిన" అన్నాను. పైవాళ్లు అడిగిన వివరణలోనూ అదే రాసిచ్చాను. మెమో వచ్చింది, ఆ ఏడాది ఇంక్రిమెంటు ఆగింది. ఫార్మసిస్టు మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు టీ తెచ్చి బల్ల మీద పెట్టి, "ఆ రోజు మెట్ల సంగతి నేను ఇంకోపాలి చెప్పాలె. నువ్వు కోపంతోని ఒర్రుతవని ఊకున్న. నాది కూడ ఉంది బెహన్" అన్నాడు.

ఆదివారం నడక ఆపలేదు. బరువు పైకి చదవడం ఆపేశాను. చుట్ల నియమం తీసేశాను. కాంటా ఎక్కించే ముందు ప్రతి ఒక్కరి కాళ్లు నొక్కి చూసేదాన్ని, ఊపిరి ఆడడానికి రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నావని అడిగేదాన్ని. ఫోన్ చేసిన పిల్లకు నేను చెప్పగలిగిందల్లా ఇదే. బరువు పెరిగిన రోగిని చూసి నీకు కోపం వస్తోందంటే, కాసేపు ఆగి, నీకు తెలియనిది ఏముందో ఆయన్నే అడుగు.

కరీంనగర్‌లో పది రోజులుండి ఆయన ఇంటికి వచ్చాడు. నీళ్లు దిగాక తూచితే ఎనభై ఒకటి. అంటే నేను తిట్టిన ఆ నెలంతా ఆయన నిజంగానే తిండి తగ్గించాడు, నిజంగానే కొవ్వు కరిగించాడు. కొత్త మందులు, కొత్త పథ్యం. ఉప్పు దాదాపు లేకుండా తినాలి, నీళ్లు కొలిచి తాగాలి. ఆ పథ్యం కాగితం డిశ్చార్జి రోజు నేనే వెళ్లి ఆమెకు చదివి చెప్పాను. ఆమె విన్నది, నా వైపు చూడలేదు.

రెండు నెలలకు ధైర్యం కూడగట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. క్షమించమని అడగాలని దారిపొడవునా మాటలు పేర్చుకున్నాను. ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. చిక్కాడు, కానీ మాట తేటగా ఉంది. నన్ను చూసి లేవబోయాడు. "అన్నా, నువ్వు చెప్పింది నేను వినలే" అని మొదలుపెట్టాను. పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. ఏడ్చాను.

"ఊకో సిస్టరమ్మా. బండిల పడిపోకుండ పట్టుకున్నది కూడ నువ్వే గదా" అన్నాడు ఆయన. అంత మంచితనం నేను తట్టుకోలేకపోయాను.

ఆమె మాత్రం ఊరుకోలేదు. వంటింటి గడపలో నిలబడి అడిగింది. "రొట్టె తినుమన్నవ్. తిన్నడు. కూర వద్దంటివి, రొట్టెలకు ఇంకేం తింటడు? ఊరగాయ తొక్కు తిన్నడు. రెండు పూటలు తొక్కే. గా తొక్కుల ఉప్పే నీళ్లు వట్టిచ్చిందని పెద్దాసుపత్రిల చెప్పిన్రు. ఎప్పుడన్న అడిగినవా, ఏంటితోని తింటున్నవ్ అని?"

"అడగలేదక్కా."

"యార్డుల ఆయన మాటకు ఎదురు లేదు. నువ్వు గంత మందిల నవ్వినవ్."

"నవ్విన."

ఆమె లోపలికి వెళ్లింది. వెళ్లిపోదామని లేచాను. "కూసో" అంది లోపల్నుంచే. రెండు కంచాలు తెచ్చింది. ఒకటి ఆయన ముందు, ఒకటి నా ముందు పెట్టింది. జొన్నరొట్టె, ఉప్పులేని పప్పు, ఉప్పులేని బీరకాయ. నేను చదివి చెప్పిన కాగితం ప్రకారం వండినవే. ఇలాంటి పథ్యం ఎన్ని వందల మందికి చెప్పానో లెక్కలేదు, ఒక్క పూట తిని చూడలేదు.

మొదటి ముద్ద నోట్లో అటూఇటూ తిరిగింది కానీ దిగలేదు. ఆయన మాత్రం తలొంచుకుని, మెల్లగా, అలవాటైనట్టు తింటున్నాడు. ఆమె నిలబడి నన్నే చూస్తోంది. రెండో ముద్ద పెట్టుకున్నాను. మూడోది. రొట్టె గొంతుకు అడ్డంపడి నీళ్లడిగాను.

ఆమె చెంబు తెచ్చి, నా గ్లాసులో సగానికి పోసి ఆపింది.

"ఆయనకు గీ పూటకు గింతే" అంది.

ఆ సగం గ్లాసుతోనే రొట్టె మొత్తం తిన్నాను.